ఢిల్లీలో పొగమంచు, శంషాబాద్‌లో పడిగాపులు

జనవరిలో ఒక ఉదయం శంషాబాద్ విమానాశ్రయంలో నిలబడి చూడండి. ఎనిమిదిన్నరకల్లా ఎండ చురుక్కుమంటూ ఉంటుంది. ఆకాశంలో మబ్బు తునక కూడా ఉండదు. బోర్డు మీద మాత్రం మనం ఎక్కాల్సిన విమానం పక్కన 'ఆలస్యం' అని మెరుస్తుంటుంది. కారణమేమిటని అడిగితే కౌంటర్లో అమ్మాయి "ఢిల్లీలో ఫాగ్ సార్" అంటుంది. మనం వెళ్లాల్సింది చెన్నైకి. ఢిల్లీలో మంచు పడితే చెన్నై విమానానికేం రోగం అని వరుసలో ఉన్న పెద్దాయన విసుక్కుంటాడు. ఆ అమ్మాయి చెప్పింది అబద్ధం కాదు. ఆ పెద్దాయన విసుగు అన్యాయమూ కాదు. ఈ రెండూ ఎలా పొసుగుతాయో తెలియాలంటే ముందు ఒక అపోహ వదిలించుకోవాలి. విమానాలకు చలి పడదనేదే ఆ అపోహ.

నిజానికి చలి విమానానికి మేలే చేస్తుంది. చల్లబడిన గాలి చిక్కబడుతుంది. చిక్కటి గాలిలో రెక్కలకు పట్టు బాగా దొరుకుతుంది, ఇంజిన్ బలంగా లాగుతుంది, తక్కువ దూరం పరుగెత్తి విమానం లేస్తుంది. పది వేల అడుగులకు పైగా ఎత్తున్న లేహ్ విమానాశ్రయంలో పైలట్లను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది వేసవి మధ్యాహ్నాల్లో పలచబడ్డ గాలి. అప్పుడు అంతమంది ప్రయాణికులతో, అంత సామానుతో లేవడం కష్టం. విమానం 35 వేల అడుగుల ఎత్తులో ఎగురుతున్నప్పుడు బయట సున్నాకు 50 డిగ్రీల కింద చలి ఉంటుంది. ఆ చలిలో అది గంటల తరబడి హాయిగా పోతుంది. మరి శీతకాలంలో వచ్చే కష్టమంతా దేనితో? చలిలో నీటితో. నేలను అంటుకుని గాలిలో తేలే నీటి బిందువులు, రెక్కల మీద గడ్డకట్టే నీళ్లు. మన దేశంలో మొదటిది, అమెరికా, యూరప్‌లలో రెండోది విమానాలను ఆపేస్తాయి.

ముందు పొగమంచు సంగతి చూద్దాం. ఆకాశం నిర్మలంగా ఉన్న చలికాలపు రాత్రి నేల పగటి వేడిని నేరుగా ఆకాశంలోకి వదిలేస్తుంది. మబ్బులు ఉంటే ఆ వేడిలో కొంత మళ్లీ కిందికి చేరేది. అవి లేవు కాబట్టి నేల గబగబా చల్లబడుతుంది, నేలను ఆనుకున్న గాలి కూడా చల్లబడుతుంది. చల్లటి గాలి ఎక్కువ ఆవిరిని పట్టి ఉంచలేదు. మిగిలిన ఆవిరి సన్నటి బిందువులుగా మారి అక్కడే తేలుతుంది. గాలి విసురుగా వీస్తే పైనున్న వెచ్చటి గాలి కలిసి ఇదంతా చెదిరిపోతుంది. గాలి నిలిచిపోతే పొర కడుతుంది. మామూలుగా పైకి వెళ్లేకొద్దీ చల్లబడాల్సిన గాలి అలాంటి రాత్రుల్లో తలకిందులవుతుంది. కింద చలి, పైన వెచ్చదనం. పైనున్న ఆ వెచ్చటి పొరను దాటి కిందిగాలి లేవలేదు. తేమ, పొగ, దుమ్ము అన్నీ దాని కిందే చిక్కుకుంటాయి.

గంగా మైదానంలో ఇవన్నీ ఒకేచోట కుదురుతాయి. ఉత్తరాన హిమాలయాల అడ్డు, కదలని గాలి, నీళ్లు పెట్టిన గోధుమ చేలు. పడమటి నుంచి వచ్చే వాతావరణ అలజడులు నాలుగు చినుకులు రాల్చి నేలను తడిపి పోతాయి, వెనకాలే ఆకాశం తేటబడుతుంది. ఆ మర్నాడో, ఆ పై రోజో పొగమంచు తప్పదని ఉత్తరాది పైలట్లకు అనుభవం మీద తెలుసు. ఉపగ్రహ చిత్రాల్లో పాకిస్థాన్ పంజాబ్ నుంచి బిహార్ దాకా ఒకే తెల్లటి పట్టీ కనిపించే రోజులున్నాయి. దీన్ని అర్థం చేసుకోవడానికి పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ 2015 శీతకాలంలో ఢిల్లీ విమానాశ్రయంలోనే పరికరాలు పెట్టి ప్రత్యేక అధ్యయనం మొదలుపెట్టింది.

నగరాల పొగ దీన్ని ఎందుకు ఇంత చిక్కగా చేస్తుందో కాస్త ఆగి చూడాలి. ఒక ఘనపు మీటరు పొగమంచులో ఉండే నీరు మామూలుగా అర గ్రాము కూడా ఉండదు. అంత కొంచెం నీరు కళ్లు పొడుచుకున్నా కనపడనంతగా దారిని మూసేస్తుంది. గళ్లుప్పు చెంచాడు నల్ల గుడ్డ మీద వేస్తే గుడ్డ కనిపిస్తూనే ఉంటుంది. అదే ఉప్పును మెత్తగా నూరి చల్లితే గుడ్డంతా తెల్లబడుతుంది. పొగమంచుదీ అదే లెక్క. ఆవిరి బిందువుగా మారడానికి ఒక సూక్ష్మమైన రేణువు ఆధారం కావాలి. గాలిలో మసి, దుమ్ము, వాహనాల పొగ ఎక్కువైతే ఆధారాలు ఎక్కువవుతాయి. ఉన్న నీరే మరిన్ని చిన్న బిందువులుగా పంచుకుపోతుంది. బిందువులు ఎంత సన్నబడితే తెర అంత చిక్కబడుతుంది, అంత ఆలస్యంగా విడుతుంది. దక్షిణాదికి ఈ బాధ లేదనుకోకండి. 2018లో భోగి మంటల పొగ మంచుతో కలిసి చెన్నై విమానాశ్రయాన్ని కమ్మేసింది. అక్కడ దిగాల్సిన విమానాలను హైదరాబాద్‌కూ బెంగళూరుకూ మళ్లించారు. గన్నవరంలోనూ శీతకాలపు ఉదయాల్లో విమానాలు గాల్లో చక్కర్లు కొట్టడం ఏటా జరిగేదే. చుట్టూ కాలువలు, చెరువులు, తడి చేలు. కాకపోతే కోస్తా మంచు తొమ్మిదింటికో, పదింటికో విడిపోతుంది. ఢిల్లీ మంచు ఒక్కోసారి మధ్యాహ్నం దాకా కదలదు. పైపొర సూర్యకాంతిని పైకే తిప్పికొడుతుంది కాబట్టి నేల వేడెక్కదు. నేల వేడెక్కనిదే మంచు విడదు.

వెయ్యి మీటర్ల లోపు దూరమే కనిపిస్తే దాన్ని పొగమంచు అంటారు. 200 మీటర్ల కిందికి పోతే దట్టమైనది, 50 కిందికి పోతే అతి దట్టమైనది అని మన వాతావరణ శాఖ లెక్క. అయితే పైలట్‌కు కావాల్సిన లెక్క వేరు. ఊరి మీద మంచు ఎంతుందో అతనికి అక్కర్లేదు. రన్‌వే మీద నిలబడి చూస్తే రన్‌వే దీపాలు, గీతలు ఎంత దూరం కనిపిస్తాయనేదే అతనికి ముఖ్యం. దీన్ని ఆర్‌వీఆర్ అంటారు. రన్‌వే పక్కన ఒక పరికరం కాంతిని పంపితే, కొద్ది దూరంలో మరొకటి దాన్ని అందుకుంటుంది. మధ్యలో ఎంత కాంతి తప్పిపోయిందో దాన్ని బట్టి లెక్క కడతారు. చక్రాలు తాకే చోట, మధ్యలో, చివరన విడివిడిగా కొలుస్తారు. ఒకే రన్‌వే మీద ఒక కొసన 300 మీటర్లు, ఇంకో కొసన 100 మీటర్లు ఉండడం వింతేమీ కాదు.

ఇప్పుడు పైలట్ సీట్లో కూర్చుని ఆఖరి నిమిషం చూద్దాం. విమానం గంటకు 250 కిలోమీటర్ల పైన వేగంతో, అంటే సెకనుకు దాదాపు 70 మీటర్ల చొప్పున రన్‌వే వైపు జారుతుంటుంది. కింద నుంచి రెండు రేడియో కిరణాలు దారి చూపిస్తుంటాయి. రన్‌వే నడిగీతకు కుడి ఎడమలు ఒకటి చెబుతుంది, వాలు మూడు డిగ్రీలు దాటకుండా రెండోది చూసుకుంటుంది. ఈ ఏర్పాటు పేరే ఐఎల్‌ఎస్. మామూలు స్థాయి ఏర్పాటున్న చోట, అంటే క్యాట్-1లో, నేలకు 200 అడుగుల ఎత్తుకు వచ్చేసరికి పైలట్ కంటికి రన్‌వే దీపాలు కనిపించి తీరాలి. ఆర్‌వీఆర్ కనీసం 550 మీటర్లుండాలి. కనిపించలేదా, మారుమాట లేకుండా మళ్లీ పైకి లేవాలి. ఆ ఎత్తు నుంచి నేలకు ఉన్నది పదిహేను సెకన్లు, కాస్త అటూఇటూ. ఆ పదిహేను సెకన్లలో 'ఇంకాస్త దిగి చూద్దాం' అనుకున్నవాళ్ల కథలు ప్రమాద నివేదికల్లో బోలెడన్ని ఉన్నాయి. క్యాట్-2లో ఆ ఎత్తు 100 అడుగులు, దూరం 300 మీటర్లు.

ఢిల్లీలో ఉన్న క్యాట్-3బీ దీనికి పై మెట్టు. 50 మీటర్లు కనిపించినా దిగొచ్చు. 50 మీటర్లంటే ఆ వేగంలో సెకను కూడా కాదు. అంత తక్కువ సమయంలో మనిషి చూసి, నిర్ణయించి, చెయ్యి కదపడం అసాధ్యం. అందుకే దింపేది పైలట్ కాదు, ఆటోపైలట్. అదీ ఒకటి చెడితే ఇంకొకటి పని చేసేలా ఒకటికి రెండు ఉండాలి. చక్రాలు నేలను తాకాక కూడా నడిగీత తప్పకుండా పట్టుకుని వేగం తగ్గించేది అదే. పైలట్లిద్దరూ చేతులు కంట్రోళ్ల మీదే ఉంచి, యంత్రం ఎక్కడైనా తడబడుతుందేమోనని కాచుకుని ఉంటారు. ఈ విద్య లండన్ మంచు పుణ్యమే. రెండో ప్రపంచ యుద్ధంలో ఇంగ్లండ్‌లో రన్‌వేలకు రెండు పక్కలా పెట్రోలు మండించి, ఆ వేడికి మంచును విడగొట్టి బాంబర్లను దింపారు. ఖర్చుకు వెనకాడని యుద్ధకాలం కాబట్టి చెల్లింది. ఆ తర్వాత అక్కడి ఇంజినీర్లు మంచును తొలగించే ఆలోచన మానేసి, మంచులోనే దిగే యంత్రం మీద పడ్డారు. 1965 జూన్ 10న పారిస్ నుంచి హీత్రూకు ప్రయాణికులతో వచ్చిన బీఈఏ సంస్థ ట్రైడెంట్ విమానం ఆ పద్ధతిలో నేలను తాకింది.

ఢిల్లీకి అంత గొప్ప ఏర్పాటుంటే మరి ఆలస్యాలెందుకు? అసలు చిక్కు ఇక్కడే ఉంది, దీన్ని ప్రయాణికులకు ఎవరూ విడమరచి చెప్పరు.

దిగడానికి 50 మీటర్లు చాలు. లేవడానికి మన దేశంలో 125 మీటర్లు కావాలి. దిగేటప్పుడు రేడియో కిరణాలు, ఆటోపైలట్ ఉన్నాయి. లేచేటప్పుడు రన్‌వే మీద విమానాన్ని తిన్నగా నడిపేది పైలట్ కన్నూ పాదమే. పరుగు మధ్యలో ఇంజిన్ చెడితే విమానం ఒక పక్కకు లాగేస్తుంది, నడిగీత కనపడకపోతే సర్దుకోవడం కుదరదు. కాబట్టి 50కీ 125కీ మధ్య మంచు నిలిచిన గంటల్లో విమానాలు వస్తాయిగానీ పోలేవు. వచ్చినవి నిలవడానికి చోటు కావాలి. నిలబడ్డవి కదలకపోతే చోటు ఖాళీ కాదు. కాసేపటికి పార్కింగ్ బేలన్నీ నిండిపోతాయి, దిగే సత్తా ఉన్న విమానాన్నీ ఆపాల్సి వస్తుంది.

దీనికి తోడు ఆ రేడియో కిరణాల సున్నితత్వం ఒకటి. వాటి దారిలో పెద్ద లోహపు విమానం అడ్డొస్తే సంకేతం వంగిపోతుంది. ఎండ కాసే రోజు పైలట్ కంటితో సరిచేసుకుంటాడు. కళ్లు పని చేయని రోజు ఆ వంపు ప్రాణాంతకం. అందుకని ముందు దిగిన విమానం రన్‌వేను, దాని పరిసరాలను పూర్తిగా ఖాళీ చేసేదాకా వెనక దానికి అనుమతివ్వరు. విమానానికీ విమానానికీ మధ్య ఎడం పెంచుతారు. నేల మీద కూడా విమానాలు 'ఫాలో మీ' జీపుల వెనక నడక వేగంతో కదులుతాయి. మితిమీరిన జాగ్రత్త అనిపించవచ్చు. 2001 అక్టోబరు 8న ఇటలీలో మిలాన్ నగరపు లినాటె విమానాశ్రయంలో పొగమంచులో ఒక చిన్న విమానం దారి తప్పి, టేకాఫ్ తీసుకుంటున్న విమానానికి ఎదురుగా వచ్చింది. 118 మంది చనిపోయారు. అప్పుడక్కడ నేల మీది కదలికలను చూపించే రాడార్ పని చేయడం లేదు. గంటకు దిగే విమానాల సంఖ్య ఎందుకు తగ్గిస్తారో ఆ ఒక్క ఉదయం చెబుతుంది.

దిగలేని విమానాలు ఎక్కడికి పోతాయి? కొంతసేపు గాల్లో చక్కర్లు కొడతాయి, తర్వాత జైపూర్, లక్నో, అహ్మదాబాద్ వంటి చోట్లకు మళ్లుతాయి. ప్రతి విమానం బయల్దేరే ముందే ఫలానా చోటుకు మళ్లగలనని లెక్క వేసుకుని అంతమేరకు ఇంధనం నింపుకుంటుంది. దాని మీద మరో అరగంట ఎగరగలిగే నిల్వ ముట్టరాని సొమ్ముగా ఉంటుంది. లెక్క బాగానే ఉంది. మంచు ఆ లెక్క ప్రకారం నడిస్తేనే చిక్కు లేదు. 2014 జనవరి 5 రాత్రి ఇంఫాల్, గువాహటి మీదుగా ఢిల్లీ రావాల్సిన ఎయిర్ ఇండియా ఎయిర్‌బస్ విమానం పొగమంచు వల్ల జైపూర్‌కు మళ్లింది. అది చేరే సమయానికి జైపూర్‌లోనూ మంచు కమ్మేసింది. ఇంకో ఊరికి పోవడానికి ఇంధనం లేదు. కనిపించని రన్‌వే మీద దిగబోయి పక్కకు పోయింది, రెక్క చెట్లను కొట్టుకుంది. లోపలున్న వాళ్లంతా ప్రాణాలతో బయటపడ్డారు. విమానం మాత్రం మళ్లీ ఎగరలేదు. 'జైపూర్‌కు మళ్లిస్తున్నాం' అని కెప్టెన్ ప్రకటించినప్పుడు ఇంకో చక్కర్ కొడితే ఏం పోయిందని క్యాబిన్‌లో ఎవరో ఒకరు సణుగుతారు. ఆ చక్కర్ ఖరీదు ఇంధనం. ఇంధనమంటే చేతిలో మిగిలిన దారులు.

ఇక మన చెన్నై విమానం దగ్గరకు వద్దాం. విమానయాన సంస్థకు విమానం ఒక్క నిమిషం ఖాళీగా ఉంటే నష్టం. ఉదయం ఢిల్లీలో లేచిన విమానమే హైదరాబాద్ వచ్చి, అదే చెన్నై వెళ్లి, అదే కోల్‌కతాకో కొచ్చికో పోతుంది. మధ్యలో ఒక్కో చోట ముప్పై, నలభై నిమిషాలే ఆగుతుంది. ఉదయం ఆరింటికి ఢిల్లీలో పోయిన మూడు గంటలు రాత్రి దాకా ఎక్కడా తిరిగి రావు. విమానం వచ్చినా పైలట్లు ఉండాలి. ఇద్దరు పైలట్లు నడిపే విమానంలో ఒక డ్యూటీ గరిష్ఠంగా 13 గంటలు. దిగాల్సిన సార్లను బట్టి, రాత్రి డ్యూటీని బట్టి అది ఇంకా తగ్గుతుంది. గడియారం రిపోర్టు చేసిన నిమిషం నుంచి నడుస్తుంది. తలుపులు మూసుకుని మంచు విడవడం కోసం కూర్చున్న నాలుగు గంటలూ డ్యూటీయే. మంచు విడే వేళకు చాలామంది పైలట్ల గడియారం అయిపోతుంది. 2024 జనవరి 14న ఢిల్లీ నుంచి గోవా వెళ్లాల్సిన ఇండిగో విమానంలో గంటల ఆలస్యం తర్వాత కొత్తగా వచ్చిన సిబ్బంది ప్రకటన చేస్తుండగా ఒక ప్రయాణికుడు లేచి పైలట్‌ను కొట్టాడు. వీడియో దేశమంతా చూసింది. దెబ్బ తిన్న మనిషి ఆ ఆలస్యం తర్వాత డ్యూటీకి ఎక్కినవాడు. ఆ రాత్రే గోవా నుంచి ఢిల్లీకి బయల్దేరి ముంబయికి మళ్లిన మరో విమానంలోని వాళ్లు విమానాలు నిలిపే ప్రాంగణంలో నేల మీద కూర్చుని భోజనం చేశారు. ఇండిగోకూ ముంబయి విమానాశ్రయానికీ జరిమానాలు పడ్డాయి. మర్నాడే విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ కొత్త నియమావళి ఇచ్చింది. మూడు గంటలు దాటి ఆలస్యమయ్యేలా ఉంటే విమానాన్ని ముందే రద్దు చేసుకోవచ్చని అందులో ఒక మాట ఉంది. మొండి సలహాలా ఉన్నా అది దయగల సలహాయే. రద్దయిందని తెలిసినవాడు ఇంటికైనా పోతాడు.

పెద్దాయన విసుగు న్యాయమే అన్నానే, అది ఇందుకు. పొగమంచు భూకంపం కాదు. డిసెంబరు 10 నుంచి ఫిబ్రవరి 10 దాకా పొగమంచు కాలమని డీజీసీఏ ప్రకటించే ఉంది. ఆ రెండు నెలలూ ఢిల్లీకి క్యాట్-3 సామర్థ్యమున్న విమానాలనే, ఆ శిక్షణ ఉన్న పైలట్లనే పంపాలని సంస్థలకు ఆదేశం. రన్‌వేకు అర్హత ఉండి, విమానానికి అర్హత ఉండి, పైలట్‌కు శిక్షణ లేకపోతే దిగడం కుదరదు. మూడూ కలవాల్సిందే. శిక్షణకు డబ్బవుతుంది, సిమ్యులేటర్ సమయం కావాలి. 2023 డిసెంబరు చివరి వారంలో ఢిల్లీలో దిగలేక పదుల సంఖ్యలో విమానాలు మళ్లిపోయాయి. శిక్షణ లేని పైలట్లకు ఆ వేళల డ్యూటీలు వేసినందుకు ఎయిర్ ఇండియాకు, స్పైస్‌జెట్‌కు 30 లక్షల రూపాయల చొప్పున జరిమానా పడింది. అంటే ఆ రోజుల్లో కౌంటర్ దగ్గర 'ఫాగ్ సార్' అన్నది సగం మాట. మిగతా సగం డ్యూటీ చార్టు వేసినవాళ్లు చెప్పాలి.

పైలట్ల అలసటకూ ఇదే వర్తిస్తుంది. వారపు విశ్రాంతిని 36 గంటల నుంచి 48కి పెంచుతూ, రాత్రి వేళ దిగే సార్లను ఆరు నుంచి రెండుకు తగ్గిస్తూ 2024 జనవరిలో డీజీసీఏ నిబంధనలు తెచ్చింది. వాయిదాల తర్వాత అవి 2025లో రెండు విడతలుగా అమలయ్యాయి. రెండో విడత నవంబరు 1న. నెల తిరిగేసరికి, డిసెంబరు మొదటి వారంలో, ఇండిగో వేల విమానాలను రద్దు చేసింది. పొగమంచు కాలం అప్పటికింకా మొదలే కాలేదు. దాదాపు రెండేళ్ల ముందు తెలిసిన నిబంధనకు తగినంత మంది పైలట్లను సిద్ధం చేసుకోకపోవడం వాతావరణం తప్పు కాదు. చివరికి ఆ సంస్థకు తాత్కాలిక సడలింపు ఇచ్చారు. తెల్లవారుజామున మూడింటికి మంచులో దిగాల్సిన మనిషికి నిద్ర ఎంత అవసరమో ఆ సడలింపు ఇచ్చినవాళ్లకు తెలియదని అనుకోలేం.

సముద్రాలు దాటితే కథ మారుతుంది. డాలస్‌లో, షికాగోలో, న్యూజెర్సీలో ఉన్న మన పిల్లలు డిసెంబరు సెలవులకు ఇంటికి బయల్దేరేటప్పుడు ఫోన్లో చెప్పే మాట 'డీ-ఐసింగ్ అవుతోంది, కదల్లేదింకా' అని. రెక్క మీద గరుకు కాగితమంత పలచటి మంచు పేరుకున్నా చాలు, రెక్క పైకి లేపే శక్తిలో 30 శాతం దాకా పోతుంది, వెనక్కి లాగే శక్తి 40 శాతం దాకా పెరుగుతుంది. బరువు వల్ల అనుకుంటారు చాలామంది. బరువు కాదు, ఆకారం. రెక్క నున్నటి వంపు మీదుగా గాలి అతుక్కుని జారాలి. గరుకుదనం తగిలితే గాలి ముందే విడిపోతుంది, రెక్క ఉండీ లేనట్టే. అందుకే రెక్క మీద మంచు తునక ఉన్నా లేవకూడదన్నది నియమం. ముందు వేడి చేసిన నారింజ రంగు ద్రవం కొట్టి ఉన్న మంచును కరిగిస్తారు. తర్వాత చిక్కటి ఆకుపచ్చ ద్రవం పూస్తారు. అది రెక్క మీద నిలిచి కొత్త మంచును పట్టనివ్వదు, టేకాఫ్ వేగానికి జారిపోతుంది. దానికీ గడువుంది. కురిసే మంచు తీరును బట్టి, చలిని బట్టి ఎన్ని నిమిషాలు కాపాడుతుందో పట్టికలుంటాయి. వరుసలో నిలబడి ఆ నిమిషాలు దాటితే వెనక్కి వెళ్లి మళ్లీ కొట్టించుకోవాలి.

1982 జనవరి 13న వాషింగ్టన్‌లో ఎయిర్ ఫ్లోరిడా బోయింగ్ 737కు మంచు తొలగించాక టేకాఫ్ దాకా ముప్పావు గంట దాటింది. మంచు కురుస్తూనే ఉంది. పైలట్లు ఇంజిన్ల మంచు నివారణ వ్యవస్థను వేయలేదు. ఇంజిన్ శక్తిని కొలిచే గొట్టాల్లో మంచు అడ్డుపడి, లేని శక్తి ఉన్నట్టు ముల్లు చూపించింది. రన్‌వే మీద పరుగెడుతుండగానే కో-పైలట్ లెక్క తేడాగా ఉందని పదేపదే అన్నాడు. కెప్టెన్ ఆపలేదు. విమానం లేచి, నిలవలేక, వంతెన మీది వాహనాలను కొట్టుకుని గడ్డకట్టిన పొటోమాక్ నదిలో పడింది. 78 మంది పోయారు. వారిలో నలుగురు వంతెన మీద వాహనాల్లో ఇంటికి పోతున్నవాళ్లు. ఆ తర్వాత కాక్‌పిట్‌లో కింది హోదా మనిషి మాటకు విలువ ఇవ్వడం ఎలాగో నేర్పే శిక్షణల్లో ఈ ప్రమాదాన్ని పాఠంగా చెబుతూ వచ్చారు.

వాతావరణం పెట్టిన కష్టాన్ని సంస్థలు పెద్దది చేసుకోవడం అక్కడా ఉంది. 2022 క్రిస్మస్ ముందు అమెరికాను మంచు తుపాను ముంచెత్తింది. మిగతా సంస్థలు రెండు మూడు రోజుల్లో తేరుకున్నాయి. సౌత్‌వెస్ట్ సంస్థ సుమారు 17 వేల విమానాలు రద్దు చేసింది. ఏ పైలట్ ఏ ఊళ్లో చిక్కుకున్నాడో దాని పాత సాఫ్ట్‌వేర్‌కు అంతుపట్టలేదు. విమానాలున్నాయి, పైలట్లున్నారు, ఎవరెక్కడున్నారో తెలియదు. అమెరికా రవాణా శాఖ 14 కోట్ల డాలర్ల జరిమానా వేసింది.

నేల మీది బతుకు సంగతి రెండు ముక్కల్లో. ఢిల్లీ నుంచి తెలంగాణ ఎక్స్‌ప్రెస్, ఏపీ ఎక్స్‌ప్రెస్ జనవరిలో గంటల ఆలస్యంగా రావడం మనకు అలవాటే. సిగ్నల్ కనపడదు కాబట్టి లోకో పైలట్ వేగం తగ్గిస్తాడు. ఇప్పుడు జీపీఎస్‌తో నడిచే ఫాగ్ పాస్ పరికరం ముందున్న సిగ్నల్ ఎంత దూరమో చెబుతుంది. అంతకుముందు, ఇప్పటికీ కొన్నిచోట్ల, సిగ్నల్‌కు ముందు పట్టాల మీద టపాకాయల్లాంటివి కట్టి ఉంచుతారు. చక్రం ఎక్కితే పేలతాయి, డ్రైవర్ అప్రమత్తమవుతాడు. రైలుకు పట్టాలైనా ఉన్నాయి, రోడ్డుకు అదీ లేదు. యమునా ఎక్స్‌ప్రెస్‌వే మీద డిసెంబరు 15 నుంచి ఫిబ్రవరి 15 దాకా కార్ల వేగ పరిమితిని 100 నుంచి 75 కిలోమీటర్లకు తగ్గిస్తారు. మన హైవేల మీద తెల్లవారుజామున ఆగి ఉన్న లారీని వెనక నుంచి గుద్దిన వార్త లేని సంక్రాంతి ఉండదు. మంచులో హై బీమ్ వేస్తే కాంతి తిరిగి మన కళ్లలోనే పడుతుంది. లో బీమ్ వేసి, నెమ్మదిగా పోవాలి. రోడ్డు మీద మాత్రం బండి ఆపొద్దు.

ప్రయాణికుడిగా చేయగలిగిందేమిటి? వాతావరణం వల్ల రద్దయితే నష్టపరిహారం ఇవ్వక్కర్లేదని నిబంధనల్లోనే ఉంది, దాని కోసం కౌంటర్ దగ్గర గొంతు చించుకుని లాభం లేదు. కానీ పరిహారం లేదంటే ఏమీ లేదని కాదు. రెండున్నర గంటల లోపు ప్రయాణమైతే రెండు గంటల ఆలస్యం దాటగానే తిండీ తాగునీరూ ఇవ్వాలి. ఆరు గంటలు దాటితే వేరే విమానమో, పూర్తి డబ్బు వాపసో, ఏది కావాలో మనమే కోరుకోవచ్చు. 24 గంటలు దాటితే హోటల్ గది కూడా ఇవ్వాలి. రద్దయినప్పుడు వోచర్ అంటగట్టబోతే డబ్బే కావాలని అడగండి.

టికెట్ కొనేటప్పుడే కొంత తప్పించుకోవచ్చు. ఏడాదంతా తెల్లవారుజాము విమానమే మేలు, రాత్రి వచ్చి నిలిచిన విమానం కాబట్టి వేళకు లేస్తుంది. జనవరిలో ఉత్తరాదికి మాత్రం ఇది తలకిందులు. పదకొండు తర్వాత బయల్దేరి మధ్యాహ్నం దిగేది చూసుకోండి. సాయంత్రం మరీ పొద్దుపోతే ఉదయం పేరుకున్న ఆలస్యమంతా నెత్తిన పడుతుంది. ఫోన్‌లో విమానాలను చూపించే యాప్ ఉంటే మన విమానం నంబరు కొట్టండి. మన కోసం రావాల్సిన విమానం ఇప్పుడెక్కడుందో చూపిస్తుంది. అది ఇంకా ఢిల్లీలోనే నిలబడి ఉంటే, సంస్థ మెసేజ్ పంపకముందే మనకు సంగతి తెలిసిపోతుంది.

విదేశాల నుంచి వచ్చేవాళ్లకు ఇంకో మాట. అర్ధరాత్రి దాటాక ఢిల్లీలో దిగి, తెల్లవారుజామున గన్నవరానికో హైదరాబాద్‌కో రెండో విమానం ఎక్కే ఏర్పాటు శీతకాలంలో ప్రమాదం. ఢిల్లీ మంచు చిక్కబడేది సరిగ్గా ఆ వేళల్లోనే. గల్ఫ్ మీదుగా నేరుగా హైదరాబాద్ రావడం కొంత నయం. దుబాయ్‌లోనూ జనవరిలో మంచు పడుతుందిగానీ ఢిల్లీ అంత కాదు. ఢిల్లీ మీదుగానే రావాల్సి వస్తే రెండు ప్రయాణాలూ ఒకే టికెట్ మీద ఉండేలా కొనండి. మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోతే, ఒకే పీఎన్‌ఆర్ మీద ఉన్నవాళ్లను తర్వాతి విమానంలో గమ్యం చేర్చే బాధ్యత సంస్థది. వెయ్యి, రెండు వేలు కలిసొస్తాయని విడివిడిగా కొన్న టికెట్లకు ఆ పూచీ లేదు. రెండోది మళ్లీ జేబులోంచి కొనుక్కోవాలి, అదీ సంక్రాంతి ముందు రోజు రేటుకు.